ఇంజనుకి మూత

మిరపకాయలకి తొడిమలు తీసిన చేతులు రాత్రంతా ఎలా మండుతాయో మా గుంటూరు వైపు ఆడవాళ్ళని అడగండి, చెబుతారు. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా తెల్లారేదాకా ఆ మంట వదలదు. దానికి సరిజోడు ఇంకోటి వుంటుందని నాకు 2024 దాకా తెలియదు. అది ఫైబర్ గ్లాసు దుమ్ము. గాజుని సన్నటి దారాలుగా తీసి, గుడ్డలా నేసి, జిగురుతో గట్టిపరిస్తే ఫైబర్ గ్లాసు అవుతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము కంటికి ఆనదు. మోచేతుల మీద, మెడ మీద వాలి సన్నటి ముళ్ళలా గుచ్చుకుంటుంది. గోకినకొద్దీ ఎక్కువవుతుంది. ముక్కుకి గట్టి మాస్కు కట్టుకోవాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, పని కాగానే గోకకుండా చన్నీళ్ళతో కడిగేసుకోవాలి.

ఇల్లు చూసుకునే దానివి, నీకెందుకమ్మా ఈ గాజు దుమ్ము అంటారా? విమానం ఇంజను మీద వేసే తొడుగుని రుద్దానండీ. అవును, విమానమే! మా తమ్ముడు ఇంట్లో కార్ల షెడ్డులో తయారు చేసుకున్న రెండు సీట్ల విమానం.

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. మార్టూరుకీ మేదరమెట్లకీ మధ్య ఒక పల్లె మాది. ఆరెకరాల నల్లరేగడి. పత్తీ, మిరపా వేసేవాళ్ళం. బావి మీద 5 హార్స్ పవర్ ఆయిల్ ఇంజను వుండేది. దాన్ని విప్పటం, బాగుచేయటం, బిగించటం అన్నీ మా నాన్నే. పక్కన కూచుని పానాలు అందించేది మా తమ్ముడు. 1993లో ఒకరోజు మిరపతోటకి నీళ్ళు పెడుతుంటే నాన్న భుజం మీది కండువా ఇంజను బెల్టులో చిక్కుకుంది. దాంతోపాటే కుడిచెయ్యి. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా చాచలేకపోయాడు. పొలం కౌలుకిచ్చేశాం. నేనప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలు రాశాను, పాసయ్యాను. పైచదువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మర్నాటేడు పెళ్ళయి చిలకలూరిపేట వచ్చేశాను. తమ్ముడికి మాత్రం అప్పటికి ఏడేళ్ళే. వాడు చదువుకున్నాడు, అమెరికా వెళ్ళాడు.

"ఆ బెల్టుకి ఒక రేకు మూతన్నా వేయించుకోకపోతిరి" అని మా అమ్మ నాన్నతో అన్నన్నిసార్లు ఇంకేమాటా అని వుండదు. ఆయన పోయి పదేళ్ళు దాటినా ఇప్పటికీ ఆ మాట అంటూనే వుంటుంది.

2024 మార్చి 18న మా వూరికి దగ్గర్లోనే, కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన వాళ్ళు విమానాలు దింపారు, మీరూ టీవీలో చూసే వుంటారు. యుద్ధం వచ్చినా, తుఫాను వచ్చినా రోడ్డునే రన్‌వేగా వాడుకోవటానికట. సుఖోయ్‌లు రోడ్డు మీదికి బాగా కిందికి వచ్చి లేచిపోయాయి. ఏ.ఎన్.-32, డోర్నియర్ అనే రవాణా విమానాలు నిజంగానే దిగి మళ్ళీ లేచాయి. మా అమ్మ మేడ మీదికెక్కి చెవులు మూసుకుని చూసిందట. ఆ సాయంత్రం ఫోను చేసింది. "వీళ్ళేమో రోడ్డు మీద విమానాలు దింపుతున్నారు. నీ తమ్ముడేమో ఇంట్లో విమానం చేస్తన్నాడంట. నువ్వు ఎట్టాగూ పోతన్నావుగా, ఆ పని మాన్పించి రా!"

నేను వెళ్ళేది మా మరదలికి పురుడు పోయటానికి. ఆ పిల్లకి తల్లి లేదు. జూన్ నెలలో బయల్దేరాను, ఒక చేతిలో సున్నివుండల డబ్బా, ఇంకో చేతిలో కారప్పొడి, నెత్తి మీద అమ్మ ఆజ్ఞ!

వాళ్ళుండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిల్వాకీ దగ్గర. కార్లు రెండూ ఎండలో వుంటే, కార్ల షెడ్డులో విమానం నీడపట్టున వుంది. రెక్కలు ఇంకా తగిలించలేదు, గోడవారన నిలబెట్టి వున్నాయి. రెక్కల్లేని ఆ శరీరాన్ని చూస్తే పొట్టుతీసిన రొయ్యలా అనిపించింది. ముందు భాగాన ఇంజను మొత్తం బయటికే వుంది. గొట్టాలు, తీగలు, నాలుగు సిలిండర్లు. నాకు మా బావి దగ్గర ఇంజనే కళ్ళముందు కొచ్చింది. నవ్వలేకపోయాను.

ఇంట్లో విమానం చేసుకోవటం ఏదో పిచ్చిపని, దొంగపని అనుకున్నాను నేను. కాదట. అమెరికాలో దానికి చట్టం వుంది. సగానికి పైన పని, 51 శాతం అంటారు, చదువు కోసమో సరదా కోసమో చేసుకునేవాళ్ళే చెయ్యాలి, ప్రభుత్వం తరఫున వచ్చి తనిఖీ చేస్తారు, అది పూర్తయ్యాకే ఎగరటానికి కాగితం ఇస్తారు. ఇలాంటి వాళ్ళకి 1953లో పాల్ పోబరెజ్నీ అనే ఆయన అదే మిల్వాకీలో ఒక సంఘం పెట్టాడు. ఏటా జూలై చివర్లో ఆష్‌కాష్ అనే వూళ్ళో వాళ్ళ తిరునాళ్ళ జరుగుతుంది. తిరునాళ్ళే అనాలి మరి. 2024లో ఆ వారం రోజులకీ ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. బాలెంత తన పెద్దమ్మని తోడు పిలిపించుకుని నన్ను ఒక్క పూట పంపించింది. గడ్డి మైదానంలో విమానం పక్కనే గుడారం వేసుకుని, స్టవ్వు మీద కాఫీ కాచుకుంటున్న మొగుడూ పెళ్ళాలు ఎంతమందో! కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల కింద పడుకునే మనవాళ్ళు గుర్తొచ్చారు.

మన దేశంలోనూ వున్నార్లెండి. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలిలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు. అనుమతి కాగితాల కోసం ఏళ్ళ తరబడి తిరిగాడు. కేరళ అలప్పుళ నుంచి ఇంగ్లండు వెళ్ళిన అశోక్ తామరాక్షన్ లాక్‌డౌన్‌లో నాలుగు సీట్ల విమానం చేసి, దానికి కూతురి పేరు కలిసేలా జి-దియా అని పెట్టి, భార్యాపిల్లలతో తిరిగాడు. అసలు రైట్ సోదరులది మాత్రం ఏమిటి? 1903లో వాళ్ళ విమానం రెక్కలకి వేసింది నూలు మస్లిన్ గుడ్డే. దాన్ని కుట్టింది కూడా ఆ అన్నదమ్ములే, ఇంట్లో కుట్టుమిషను మీద. పత్తి పండించే మన వైపు వాళ్ళకి ఈ సంగతి బళ్ళో ఎందుకు చెప్పరో!

మా వాడిది వాన్స్ అనే కంపెనీ ఆర్.వి.-9. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఆయన 1973లో ఆరిగన్ రాష్ట్రంలో పెట్టిన కంపెనీ అది. వాళ్ళ దగ్గర విడిభాగాలు కొనుక్కుని జనం ఇళ్ళల్లో బిగించుకున్న ఆర్.వి. విమానాలు 11,000 దాటి గాల్లోకి లేచాయి. మా వాడికి ఏడేళ్ళు పట్టింది. రోజూ రాత్రి ఒక గంట, సెలవునాడు నాలుగు గంటలు. ఖర్చు సంగతి నేను చెప్పను. ఆ డబ్బుతో గుంటూరులో ఎక్కడ, ఎన్ని గదుల ఫ్లాటు వచ్చేదో నేను మనసులో లెక్కవేసుకున్నాను. ఆ ఖర్చు సబబేనని ఇప్పటికీ అనను.

ఆగస్టులో ఒకరోజు పిల్లకి స్నానం చేయించి సాంబ్రాణి వేస్తున్నాను. వాడు లోపలికొచ్చి, "అక్కా, ఇవాళ్టి నుంచి కౌలింగ్" అన్నాడు.

"ఎవరికిచ్చావురా కౌలుకి?" అన్నాను.

వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకి ఆనుకుని నవ్వాడు. తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మా ఇంట్లో కౌలు అన్న మాటకి ఎంత బరువుందో వాడికీ తెలుసు కదా.

ఇంజను మీద వేసే తొడుగునే కౌలింగ్ అంటారు. కారు బానెట్ లాంటిదే అనుకోండి. కానీ బానెట్ పని వేరు. కారు ఇంజనుకి నీళ్ళు వుంటాయి చల్లబరచటానికి. ఈ చిన్న విమానాల ఇంజను గాలికే చల్లబడాలి. ఒకప్పుడు గాలి తగలాలి కదాని ఇంజనుని బోసిగానే వదిలేసేవాళ్ళట. మూత వేస్తే వుడికిపోతుందని భయం. 1928లో అమెరికాలో లాంగ్లీ అనే చోట ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీరూ ఆయన తోటివాళ్ళూ పెద్ద గాలి సొరంగంలో పరీక్షలు చేసి, సరైన ఆకారంలో మూత వేసి లోపల గాలికి దారి చూపిస్తే, ఇంజను చల్లగానూ వుంటుంది, విమానం వేగమూ పెరుగుతుందని తేల్చారు. ఒక విమానానికి ఆ మూత వేస్తే వేగం గంటకి 118 మైళ్ళ నుంచి 137 మైళ్ళకి పెరిగింది. ఇంజను అదే, పెట్రోలు అదే! ఆ మూతకి 1929 సంవత్సరపు కోలియర్ బహుమతి ఇచ్చారు. వాళ్ళు పరీక్షించింది గుండ్రటి ఇంజను, మా వాడిది సిలిండర్లు అటు రెండూ ఇటు రెండూ పడుకున్న ఇంజను. అయినా కిటుకు అదే.

ఆ కిటుకు నాకు ఎలా అర్థమైందో చెబుతాను. ముక్కు దగ్గర రెండు రంధ్రాల్లోంచి గాలి లోపలికొస్తుంది. ఇంజను పైన నిండుతుంది. అక్కణ్ణుంచి సిలిండర్ల రెక్కల సందుల్లోంచి కిందికి దిగి, వేడిని తీసుకుని, అడుగున వున్న దారిలోంచి వెళ్ళిపోవాలి. వేడెక్కిన గాలి వుబ్బుతుంది కాబట్టి పోయేదారి వచ్చేదారి కంటే పెద్దది కావాలి. అయితే గాలి మహా బద్ధకస్తురాలు. సిలిండర్ల సందుల్లో దూరటం కంటే, పక్కన ఎక్కడ చిల్లు దొరికితే అక్కణ్ణుంచి జారుకుంటుంది. సాగర్ కుడికాలువ నీళ్ళు వచ్చినప్పుడు చూశారా? బోదె గట్టుకి ఒక్క ఎలకబొరియ వుంటే చాలు, పై మడిలో నీళ్ళు నిలవవు, చివరి మడి ఎండిపోతుంది. ఇదీ అంతే. ఏ మూల సిలిండరుకి గాలి అందకపోతే అది కాగిపోతుంది. మనం గారెలు వేసే నూనె 180 డిగ్రీల దగ్గర వుంటుంది. ఆ ఇంజను సిలిండరు తలకి 260 డిగ్రీలు ఆఖరి గీత. అంతదాకా పోనివ్వకుండా 200 లోపే వుంచుకోవాలని మా వాడి పట్టుదల.

మూత అంటే ఇంజనుకి ఆచ్ఛాదన కాదు, గాలికి గట్టు అన్నమాట! ఇది తెలిశాక నాకు ఆ పని మీద మనసు పోయింది. పిల్ల పడుకోగానే నేనూ షెడ్డులోకి వెళ్ళటం మొదలుపెట్టాను.

తొడుగు రెండు చిప్పలుగా వస్తుంది, పైదొకటి, కిందిదొకటి. లేత గులాబీ రంగు. చూడటానికి అంత పెద్దవి, ఎత్తితే చంటిపిల్లంత తేలిక. కంపెనీవాడు అన్ని వైపులా కాస్త ఎక్కువగానే వుంచి పంపిస్తాడు. మన ఇంజనుకీ మన విమానానికీ సరిపడా మనమే కోసుకోవాలి. సరిగ్గా జాకెట్టు పనే. ఇరవై అయిదేళ్ళుగా ఇరుగుపొరుగు ఆడపిల్లలకి జాకెట్లు కుడుతున్నాను, నాకిది ఒకరు చెప్పాలా? ఎక్కువుంటే తర్వాత కత్తిరించొచ్చు. తక్కువైతే ఆ గుడ్డ తిరిగి రాదు.

ముందు చూడాల్సింది ముక్కు. ప్రొపెల్లరు మధ్యలో గోపురం లాంటి టోపీ వుంటుంది, స్పిన్నర్ అంటారు. అది తిరుగుతుంది, తొడుగు తిరగదు. రెండిటికీ మధ్య పావు అంగుళం సందు వుండాలి, చుట్టూ ఒకేలా. సందు తక్కువైతే ఇంజను వూగినప్పుడు రాసుకుంటుంది. ఆ సందు కోసం మా వాడు సరిగ్గా అంత మందం చెక్క బిళ్ళలు పెట్టి బిగించాడు. అంతా అయ్యాక స్పిన్నర్ తొడుగు కంటే వెంట్రుకవాసి పైకున్నట్టు నా కంటికి ఆనింది. "ఒరేయ్, వంకరగా వుందిరా" అన్నాను.

"కావాలనే పెట్టానక్కా. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూచుని వుంటుంది. వంద కిలోల పైన బరువు. కొన్నాళ్ళకి రబ్బరు అణిగి ముక్కు కిందికి దిగుతుంది. అప్పుడు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు.

దూది ఏకించి కొత్తగా కుట్టించిన పరుపు ఆర్నెల్లకి అణుగుతుందని మంచం పట్టె కంటే ఎత్తుగా కుట్టించుకోమూ? అలాగన్నమాట.

ఇంక వెనక అంచు. ఇంజనుకీ మనుషులు కూచునే చోటుకీ మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు గోడ వుంటుంది, మంట లేస్తే ఇవతలికి రాకుండా. తొడుగు వెనక అంచు ఆ గోడ దగ్గర విమానం ఒంటి రేకుతో అంచుకి అంచు కలవాలి. చిక్కేమిటంటే, కొయ్యని తొడుగుని మీద పెట్టగానే రేకు అంచు దానికింద దాగిపోతుంది. కనపడని అంచుకి గీత ఎలా గీస్తారు? దానికో చక్కటి వుపాయం వుంది. ముందే రేకు అంచు నుంచి వెనక్కి నాలుగు అంగుళాలు కొలిచి, విమానం ఒంటి మీద చుట్టూ టేపు అతికిస్తారు. తర్వాత తొడుగు పెట్టి, ఆ టేపు దగ్గర్నుంచి ముందుకి నాలుగు అంగుళాలు కొలిచి తొడుగు మీద చుక్కలు పెడతారు. ఆ చుక్కలు కలిపితే అదే దాగున్న అంచు! పాత జాకెట్టు ఆది మీద గుడ్డ పరిచి, కుట్టు కనపడకపోతే భుజం దగ్గర్నుంచి కొలుచుకుంటాం చూడండి, అదే లెక్క. చుక్కలు కలిపే పని నేనే తీసుకున్నాను. వంపు దగ్గర స్కేలు పనికిరాదు, చెయ్యి తిరగాలి.

కోసింది వాడే. చిన్న చక్రం మిషనుతో గీతకి ఇవతలే, బియ్యపు గింజంత వదిలి కోశాడు. ఆ మిగిలిన బియ్యపు గింజంతని చెక్కకి గరుకు కాగితం చుట్టి రుద్దటం. పది రుద్దులు రుద్దటం, మళ్ళీ పెట్టి చూడటం. మళ్ళీ తీయటం, మళ్ళీ రుద్దటం. ఎన్నిసార్లు పెట్టి తీశామో లెక్కే లేదు. నాలుగు సాయంత్రాలు దానికే సరిపోయాయి. నేను మొదట్లో చెప్పిన మంట అప్పుడు తెలిసింది! పసిపిల్లని ఎత్తుకోవాలి కదా, ఒక్క నలుసు కూడా బట్టల మీద వుండకూడదని షెడ్డులోకి వేరే చీర పెట్టుకున్నాను. ఆ చీర అక్కడే పారేసి వచ్చాను.

అంచులు కలిశాక బందులు. పియానో మూతకి వుండేలాంటి పొడుగాటి బందులు, సగం విమానానికీ, సగం తొడుగుకీ. రెండు వరసల కళ్ళూ ఒకదానిలో ఒకటి కూచున్నాక వాటిలోంచి పొడుగాటి స్టీలు తీగ దూరుస్తారు. లంగాకి నాడా ఎక్కించటమే! తీగ లాగేస్తే తొడుగు వూడి చేతికొస్తుంది. రివెట్లు కొట్టేముందు క్లెకో అనే స్ప్రింగు పిన్నులు పెట్టి చూసుకుంటారు. మన కచ్చాకుట్టు అనుకోండి. పై చిప్పలో ఒక చిన్న తలుపు కూడా కోశాడు. ఎగిరే ప్రతిసారీ దాన్ని తెరిచి ఆయిల్ ఎంత వుందో చూసుకోవాలి.

పని అయిపోయింది కదా అనుకున్నాను. వాడు తొడుగు లోపల టార్చిలైటు పెట్టి షెడ్డులో దీపం ఆర్పేశాడు. అబ్బ! ఆ గులాబీ రంగు చిప్పలో ఆకాశంలో చుక్కల్లా ఎన్ని సన్నటి బెజ్జాలో! వాటిని పూడ్చకపోతే రంగు నిలవదట. ఎపాక్సీ అని రెండు సీసాల జిగురు వుంటుంది, తూకం వేసి కలపాలి. కంటితో అందాజుగా పోస్తే ఎప్పటికీ గట్టిపడదు. కలిపాక గిన్నెలో ఎక్కువసేపు వుంచకూడదు, తనంతట తనే వేడెక్కి బిగుసుకుపోతుంది. అరిసెల పాకం దించిన తర్వాత మనకి ఎంత టైముంటుందో దానికీ అంతే. పాకం పట్టటం తెలిసిన చెయ్యి కాబట్టి ఆ పని నాకే ఇచ్చాడు. మధ్యాహ్నాలు పిల్ల నిద్రపోయినంతసేపూ బెజ్జాలు పూడ్చాను.

రబ్బరు పట్టీల సంగతి చెప్పాలి, అన్నిటికంటే నాకు నచ్చింది అదే. ఇంజను చుట్టూ అల్యూమినియం రేకులతో గట్టు కడతారు. ఆ గట్టు పైచిప్పకి తగలకూడదు, తగిలితే అదురుకి కోసేస్తుంది. అర అంగుళం లోపు సందు వదిలి, ఆ సందుని సిలికాన్ రబ్బరు పట్టీలతో మూస్తారు. ఎక్కడ ఎంత సందు వుందో, మూత వేశాక కనపడదు కదా? గట్టు అంచు పొడుగునా కాగితాలకి పెట్టే క్లిప్పులు నిలబెట్టి, మూత వేసి తీశాడు. మూత తగిలిన చోట క్లిప్పు కిందికి జరిగింది. క్లిప్పు ఎంత మిగిలివుంటే అక్కడ సందు అంత. ఇంక పట్టీలు ఎటు వంచాలి? గాలి నిండే వైపుకి వంచాలి. గాలి ఎంత వొత్తితే అంత గట్టిగా మూతకి అతుక్కుంటాయి. అటువైపు తిప్పామా, గాలికి తెరుచుకుంటాయి. "ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ కూడా ఇంతే కదరా, ఆవిరి వొత్తినకొద్దీ బిగుసుకుంటుంది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అవునక్కా, నేనెప్పుడూ అలా అనుకోలేదు" అన్నాడు. అమెరికాలో నాకు దొరికిన సర్టిఫికెట్టు అదే అనుకోండి!

ఆ పట్టీలు కోస్తున్నప్పుడే లోపల సీటు ముందున్న చిన్న పలక చదివాను. ఈ విమానం మామూలు విమానాలకి వుండే ప్రభుత్వ భద్రతా నిబంధనల ప్రకారం తయారైంది కాదు అని ఎక్కేవాళ్ళకి హెచ్చరిక. చట్టప్రకారం అది అతికించి తీరాలట. ఇంటర్ చదివిన ఇంగ్లీషు నాకు అక్కడ బాగానే పనికొచ్చింది. చెయ్యి ఆగిపోయింది.

"మరి అమ్మకేం చెప్పమంటావురా?" అన్నాను.

వాడు పని ఆపకుండానే చెప్పాడు. సంఘం తరఫున అనుభవమున్న పెద్దాయన ఒకాయన వుచితంగా వచ్చి మూడుసార్లు చూసి వెళ్ళాడు. తనిఖీ అయ్యాక మొదటి 40 గంటలు నిర్ణయించిన హద్దుల్లోనే ఎగరాలి, ప్రయాణికులని ఎక్కించుకోకూడదు. ముందుగా ఇలాంటిదే ఇంకో విమానంలో గురువు పక్కన కూచుని నేర్చుకుంటాను. "నాకు భయం లేదని కాదక్కా. భయం వుంది కాబట్టే నీతో నాలుగు రోజులు అంచు రుద్దించాను" అన్నాడు.

నేను మా మరదల్ని అడిగాను. ఇద్దరు పిల్లల తల్లి, ఆమె మాట ముఖ్యం కదా. "వద్దంటే మానేస్తారు వదినా. కానీ ఏడేళ్ళుగా చూస్తున్నాను. ఒక్క రివెట్టు వంకరపోతే తీసేసి మళ్ళీ కొడతారు. 40 గంటలు అయ్యాక కూడా పిల్లల్ని మాత్రం నేను సరేనన్నప్పుడే ఎక్కించాలని మాట తీసుకున్నాను" అంది. నాకు ఆ మాట నచ్చింది. మాన్పించమని చెప్పటానికి నాకు నోరు రాలేదు. అలాగని భయం పోయిందని చెబితే అబద్ధం.

ఆ ఆదివారం అమ్మ ఫోనులో అడగనే అడిగింది. "ఏందే, మాన్పించావా?"

"లేదమ్మా."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇంజనుకి మూత వుంటదా?" అంది.

"వుంటదమ్మా. నేనూ వాడూ కలిసి బిగించాం."

"బెల్టు బయటికి రాదుగా?"

"రాదు. వేలు పట్టే సందు కూడా లేదు."

"సరే అయితే. పిల్ల పాలు తాగుతుందా?" అని మాట మార్చేసింది. ఆ మూత పని గాలిని నడిపించటం అని, చేతుల్ని కాపాడటం కాదని నేను చెప్పలేదు. చెప్పి ఏం ప్రయోజనం?

నవంబరులో వచ్చేశాను. చలికాలమంతా రంగులు, రెక్కలు, తనిఖీ అయ్యాయట. 2025 మే నెలలో ఒక శనివారం మన టైము ప్రకారం సాయంత్రం వాడు మొదటిసారి ఎగిరాడు. నేలమీద పెద్దాయన రేడియో పట్టుకుని నిలబడ్డాడు. మా మరదలు వీడియో ఫోనులో చూపిస్తుంటే, నేనూ అమ్మా మా పల్లెలో వరండాలో కూచుని చూశాం. తెల్లగా, ఎర్రగీతతో, చిన్న పిట్టలా లేచింది. ముక్కు భాగం కనిపించినప్పుడు నా కళ్ళు రేకూ తొడుగూ కలిసిన ఆ గీత మీదే వున్నాయి. అంత దూరం నుంచి ఏం కనపడుతుంది, నా పిచ్చిగాని! మావారు వీడియో కంటే మా అమ్మనే ఎక్కువ చూస్తున్నారు. ఆవిడ చీర కొంగు నోట్లో పెట్టుకుని కదలకుండా కూచుంది.

ఇరవై నిమిషాలకే దిగిపోయాడు. అంతా బాగుంటే ఇంకాసేపు తిరిగేవాడట. మూడో సిలిండరు మిగతావాటి కంటే వేడెక్కుతోందని మీటరులో చూసి, పైకెక్కటం ఆపి, తిరిగి దించేశాడు. ఈ రకం ఇంజన్లలో మూడో సిలిండరు వెనక రేకుగట్టు దాదాపు ఆనుకునే వుంటుంది, గాలికి చాలినంత దారి వుండదు. రేకుకీ సిలిండరుకీ మధ్య ఒక వాషరు పెట్టి కాస్త ఎడం చేస్తే చాలునని పెద్దాయన చెప్పాడట. తొడుగు విప్పి, వాషరు పెట్టి, మళ్ళీ నాడా ఎక్కించి మర్నాడు ఎగిరితే వేడి దిగింది. ఇంకో మూల ఒక రబ్బరు పట్టీ ముడతపడి వుందట, అది కూడా మార్చాడు.

అప్పట్నుంచి వారానికో గంట, రెండు గంటలు ఎగురుతున్నాడు. అమ్మ నాకు ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఎన్ని గంటలయినయ్యే?" అని అడుగుతుంది. గోడ మీద క్యాలెండరులో రాసుకుంటోంది, పాల లెక్క పక్కనే.